తప్పు కాళ్లదా.. మీటరుదా?

200 కిలోమీటర్ల బ్రెవే కోసం మూడు నెలలు కష్టపడ్డా. పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాలి. నా ప్లాన్‌ ఒక్కటే.. రోజంతా 150 వాట్లు దాటకుండా తొక్కడం. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పవర్‌ మీటర్‌ పెడల్‌ చూపించే అంకెనే నమ్ముకున్నా. 130వ కిలోమీటరు దగ్గర తొడలు పట్టేశాయి. సైకిల్‌ని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని ఇంటికొచ్చా. ‘ఇది మన వల్లయ్యే పని కాదులే’ అనుకుని పక్కన పెట్టేశా కూడా!

రెండు వారాల తర్వాత ఫ్రెండ్‌ ఇంట్లో ట్రైనర్‌ మీద తొక్కితే విషయం బయటపడింది. రెండు వైపులా సెన్సర్లున్న తన పెడల్స్‌ 200 వాట్లు చూపించాయి. అదే లోడ్‌లో, అదే వేగంతో తొక్కినా నా పెడల్‌ మాత్రం 174 అంది. అంటే బ్రెవే రోజు నేను 150 అనుకుంటూ తొక్కింది నిజానికి 170 పైచిలుకు. కాళ్లు పట్టేయక ఏమవుతాయి?

ఇది పనిచేసేది ఇలా..

మనం తొక్కినప్పుడు పెడల్‌ ఇరుసు కంటికి కనిపించనంత వంగుతుంది. దానికి అతికించిన స్ట్రెయిన్‌ గేజ్‌ నిరోధం ఆ మేరకు మారుతుంది. దాన్నిబట్టి బలం, బలాన్ని క్రాంక్‌ పొడవుతో గుణిస్తే టార్క్‌, టార్క్‌ని తిరిగే వేగంతో గుణిస్తే పవర్‌. ఈ గొలుసులో ఎక్కడ తేడా వచ్చినా చివరి అంకె తప్పుతుంది. అందుకే ఒక్కోసారి ఒక్కటే మార్చి చూశా.

మొదట సున్నా

పెడల్‌ మీద కాలు లేనప్పుడు మీటర్‌ సున్నా దగ్గర ఉండాలి. బిగించిన రోజు జీరో చేశా, మళ్లీ దాని జోలికి పోలేదు. చిన్న తేడాయే కదా అనుకోవద్దు. నిమిషానికి 90 చుట్లు తొక్కేటప్పుడు ఒక న్యూటన్‌ మీటర్‌ తేడా అంటే 9 వాట్లకు పైనే. ఎడమవైపు మాత్రమే కొలిచి రెట్టింపు చేసే మీటరైతే దాదాపు 19! జీరో చేయగానే నా రీడింగ్‌ 9 వాట్లు పెరిగింది. ఏసీ గదిలోంచి ఎండలోకి తెస్తే లోహం వేడెక్కి సున్నా జరుగుతుంది. అందుకే బయట పది పదిహేను నిమిషాలు ఉంచాకే జీరో చేయండి. పెడల్‌ విప్పి బిగిస్తే కంపెనీ చెప్పినంత టార్క్‌తో బిగించి, నాలుగైదు సార్లు గట్టిగా తొక్కి, మళ్లీ జీరో చేయాలి.

తర్వాత పొడవు

పాత ఓనర్‌ యాప్‌లో క్రాంక్‌ పొడవు 165 మిల్లీమీటర్లని పెట్టుకున్నాడు. నాది 170. చాలా క్రాంక్‌ల మీద, లోపలి వైపు పెడల్‌ రంధ్రం దగ్గర ఈ అంకె ఉంటుంది. నేనది చూడనేలేదు. సరిచేస్తే ఇంకో ఐదారు వాట్లు కలిశాయి. ఇప్పుడు 188.

మరి మిగతా 12?

పెడలే పాడైందా? తేల్చుకోవడానికి జిమ్‌ నుంచి 20 కిలోల ప్లేటు తెచ్చా. వెనక చక్రం కదలకుండా బ్రేక్‌ బిగించి, క్రాంక్‌ని నేలకు సమాంతరంగా ఉంచి, ప్లేటుని పెడల్‌కి వేలాడదీశా. లెక్క ప్రకారం 20 × 9.81 × 0.17.. అంటే 33.4 న్యూటన్‌ మీటర్లు రావాలి. యాప్‌లో సరిగ్గా అంతే వచ్చింది. మీటర్‌ నిర్దోషి!

తేడా నా ఎడమ కాలిదే. బీటెక్‌ థర్డ్‌ ఇయర్‌లో మడమ బెణికింది. అప్పట్నుంచీ తెలియకుండానే ఆ కాలిని కాపాడుకుంటున్నానన్నమాట. మొత్తం శక్తిలో దాని వాటా 47 శాతమే. 94ని రెట్టింపు చేస్తే 188 కాక ఇంకెంతొస్తుంది? ఫిజియో చెప్పిన వ్యాయామాలు అప్పుడు మొదలుపెట్టా.

ఉద్యోగంలోనూ ఇంతే

ఫార్మా ప్లాంటులో ప్రెజర్‌ గేజ్‌ అయినా, ఆసుపత్రిలో బీపీ మిషన్‌ అయినా అడిగే ప్రశ్న ఇదే.. ఈ అంకెను నమ్మొచ్చా? దానికి జవాబు చెప్పడమే కాలిబ్రేషన్‌ ఇంజినీర్ల పని. ఎన్‌ఏబీఎల్‌ గుర్తింపున్న ల్యాబ్‌లు ఇందుకే ఉన్నాయి. ఇన్‌స్ట్రుమెంటేషన్‌, ఎలక్ట్రానిక్స్‌, మెకానికల్‌ చదివేవాళ్లు ఈ దారీ చూడండి. ఇంటర్వ్యూలో ‘ఓ సమస్యను ఎలా పరిష్కరించారు?’ అంటే నేను చెప్పేది ఈ పెడల్‌ కథే.

అన్నట్టు, మొన్నటి బ్రెవేలో నిజమైన 150 వాట్లతోనే తొక్కా. 12 గంటల 40 నిమిషాల్లో పూర్తయింది. ఈసారి ట్రాలీ ఆటోతో పని పడలేదు.