మహామారికాలమున తక్కిన రోగుల గతి



2020వ సంవత్సరము మార్చి నెల కడపటి వారమున మా యూరి పొలిమేరలో, పెద్దబాట యూరిలోనికి తిరుగుచోట, తుమ్మకంప నఱికి అడ్డముగా వేసిరి. వేయుడని చెప్పిన పెద్దలలో నేనును ఒకడను. ఆ కంపవలన మేలును కలిగినది, కీడును కలిగినది. మేలునుగూర్చి మనము పలుమాఱులు చెప్పుకొన్నాము. కీడునుగూర్చి చెప్పుకొన్నది తక్కువ. ఐదేండ్లు దాటిన పిమ్మటనైనను ఆ లెక్క చూచుకొనుట మంచిదని తలచి నేడు ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

మొదట ఆ కట్టుబాట్లు ఏల వచ్చినవో చెప్పవలెను. ఆంధ్రప్రదేశమున కోవిడ్ రోగము తొలుత బయటపడినది మన నెల్లూరిలోనే. విదేశమునుండి వచ్చిన యొక యువకునకు ఆ రోగ మున్నట్లు 2020 మార్చి 12వ తేదీన తెలియవచ్చినది. మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగినది. 25వ తేదీనుండి దేశమంతటను ఇరువదియొక్క దినముల లాక్‌డౌన్ మొదలై, మూడు పర్యాయములు పొడిగింపబడి, మే 31 వఱకు సాగినది. ఆ నెలలోనే మద్రాసు కోయంబేడు బజారునకు పోయివచ్చినవారివలన సూళ్లూరుపేట ప్రాంతమున రోగము ప్రాకినది. కావున రాకపోకలు నిలుపుట నిష్కారణ మనజాలము. నాటికి మందు లేదు, టీకా లేదు. వైద్యశాలలు సిద్ధపడుటకు కొంత వ్యవధి కావలసియుండెను. ఆ వ్యవధిని మనము వెలపెట్టి కొంటిమి. కొనక తప్పదనియే యనుకొందము. అయినను వెల యెంతయైనది, దానిని ఎవరు చెల్లించిరి అని విచారించుట సంసారియైనవానికి ధర్మము.

మన పూర్వులు ఇట్టి రోగముల నెఱుగనివారు కారు. చరకసంహితయందలి విమానస్థానమున జనపదోద్ధ్వంసన మను నధ్యాయము కలదు. దేశమునకంతకు నొక్కమాఱుగా వచ్చు వ్యాధులకు గాలియు, నీరును, నేలయు, కాలమును చెడుట కారణమని యందు చెప్పబడినది. ఆ గ్రంథముననే సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. అవి వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. మంచమునకు నాలుగుకోళ్లలో నొకటి విఱిగినను దానిపై పరుండుట కష్టము. లాక్‌డౌన్ దినములలో కోవిడ్ లేని రోగులకు ఈ నాలుగు పాదములును ఎట్లు కదలిపోయినవో చూతము.

మొదటి పాదము వైద్యుడు. నెల్లూరి ప్రభుత్వ ప్రధాన వైద్యశాలను రాష్ట్రస్థాయి కోవిడ్ వైద్యశాలలు నాలుగింటిలో నొకదానిగా ఏర్పఱచిరి. తక్కిన మూడును విశాఖపట్టణము, విజయవాడ, తిరుపతి పట్టణములలోనివి. ప్రాణాపాయమున నున్నవారికి అట్టి యేర్పాటు అవసరమే. అయితే జిల్లాలోని పేదలకు కష్టమైన కాన్పునకుగాని, శస్త్రచికిత్సకుగాని, పాముకాటునకుగాని ఆ వైద్యశాలయే పెద్దదిక్కు. ఒక్క రోగమునకై మంచములును వైద్యులును మరలినప్పుడు తక్కినవారు మఱియొకచోటు వెదకుకొనవలసివచ్చును. దేశమున పెక్కుచోట్ల ప్రైవేటు వైద్యులు భయముచేతను, ముసుగులు మొదలగు సామగ్రి కొఱతచేతను తలుపులు మూసికొనిరి. తక్షణము చేయనక్కఱలేని శస్త్రచికిత్సలను వాయిదా వేసిరి. వాయిదా యనునది కాగితముమీద చిన్నమాట. కంటికి పొరవచ్చిన ముసలమ్మకు అది నెలలకొలది చీకటి.

రెండవ పాదము ఔషధము. మందులకొట్లను ప్రభుత్వము మూయింపలేదు. మందు కొట్టులోనే యున్నది. కాని కొట్టునకును రోగికిని నడుమ నున్న దారి మూతపడినది. బస్సులు లేవు, రైళ్లు లేవు, ఆటోలు లేవు. మన తీరపు పల్లెలు పెక్కు ఉప్పుటేళ్లకును బకింగ్‌హాం కాలువకును ఆవల నున్నవి. పులికాట్ సరస్సులోని ఇరకము దీవివారు పట్టణమునకు పోవలెనన్న మొదట పడవ యెక్కి, గట్టు చేరిన పిమ్మట బండి వెదకుకొనవలెను. మూత్రపిండములు చెడినవారికి వారమునకు రెండు మూడు మాఱులు యంత్రముచే రక్తశుద్ధి జరుగవలెను. దానిని డయాలిసిస్ అందురు. ఒక మాఱు తప్పినను ఒంట నీరుచేరి ఊపిరాడదు. అట్టివారికి దారి మూయుట యనగా ఔషధమును మూయుటయే.

ఇచ్చట మా యూరి సంగతి యొకటి చెప్పవలెను. నా యీడు బెస్త యొకడు, నాకు చిననాటి స్నేహితుడు, మధుమేహముతో నుండెను. వల లాగుచుండగా కాలికి నత్తగుల్ల గీచుకొని పుండుపడినది. పసుపు పెట్టుకొనుచు, మాత్రలు నిండుకొన్నను ఎవరితోను చెప్పక, నలువదిదినములు ఇంటిలోనే కూర్చుండెను. పాదము నల్లబడిన పిమ్మట తీసికొనిపోగా మోకాలి క్రిందికి తీసివేయక తప్పలేదు. "ఆ గాయమైననాడే నాకు చెప్పరాదా?" అని యడిగితిని. "కంప దాటితే దురాయి తప్పినట్టు గదా అయ్యవారూ! మీరు పెద్దోళ్లు వేసిన కట్టును నేనే తప్పితే ఎట్లా?" అనెను. అతడు మా మాట జవదాటలేదు, కాలు పోగొట్టుకొనెను. రోగికి దారి విడువవలెనని మేము చెప్పియుండలేదు. అడుగకపోవుట వాని తప్పు కాదు, చెప్పకపోవుట మా తప్పు.

మూడవ పాదము పరిచారకులు. పల్లెలలో ఆ పని చేయువారు ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, అంగన్‌వాడీ అమ్మలు. గర్భిణులను చూచువారును వారే, బిడ్డలకు టీకాలు వేయించువారును వారే, క్షయరోగులకు మాత్ర లందించువారును వారే. మహామారి రాగానే ఇంటింట జ్వరము లెక్కించు పనియు వారిపైననే పడినది. రెండు చేతులతో నాలుగు పనులు సాగవు గదా.

దాని ఫలము అంకెలలో కనబడుచున్నది. మన దేశమున 2019లో క్షయరోగులుగా నమోదైనవారు సుమారు 24 లక్షలమంది. 2020లో ఆ సంఖ్య సుమారు 18 లక్షలు. చూచుటకు రోగము తగ్గినట్లుండును. తగ్గినది రోగము కాదు, కనుగొనుట. ఆఱు లక్షలమంది దగ్గుచునే ఇండ్లలో నుండిపోయిరన్నమాట. క్షయకు ఆఱు నెలలైనను మందు మానక తినవలెను. నడుమ మానినచో క్రిమి మందునకు లొంగనిదగును. మందు తినని రోగి తన యింటివారికిని పొరుగువారికిని రోగము నంటించును. పదేండ్లకుపైగా ప్రపంచమున తగ్గుచువచ్చిన క్షయమరణములు 2020లో మఱల పెరిగినవని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించినది.

బిడ్డల టీకాల సంగతియు నిట్టిదే. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతములకు వేయు తొలిటీకా యొక్కటియైనను అందని శిశువులు మన దేశమున 2019లో సుమారు 14 లక్షలుండగా, 2020లో 30 లక్షలైరి. టీకా తప్పిన ఫలము మఱునాడే కనబడదు. రెండేండ్లకు కనబడును. 2022 చివర బొంబాయి నగరమున తట్టు విజృంభించి పసిపిల్లలు మరణించినప్పుడు, కోవిడ్ కాలమున టీకాలు తప్పుటయు అందుకొక కారణమని వైద్యులు చెప్పిరి.

నాలుగవ పాదము రోగి. చరకుడు రోగికి చెప్పిన గుణములలో నిర్భయత్వ మొకటి. ఆ దినములలో భయము కొందఱిని చంపినది. వైద్యశాలకు పోయిన కోవిడ్ అంటుననియు, అంటినచో ఇంటివారిని వెలివేసినట్లు చూతురనియు భయపడి, గుండెనొప్పి వచ్చినవారుసైతము తెల్లవాఱువఱకు ఓర్చుకొనిరి. భయమునకు తోడు చేత డబ్బు లేదు. మన తీరమున జీవనము దినభత్యము వంటిది. మార్చి 25న వేట నిలిచినది. కేంద్రప్రభుత్వము ఏప్రిల్ 10న వేటకు మినహాయింపు నిచ్చినది. కాని యేటేట తూర్పుతీరమున చేపలు గ్రుడ్లు పెట్టు కాలమునకై ఏప్రిల్ 15న మరబోట్ల వేట నిషేధింపబడును. నడుమ మిగిలినవి ఐదు దినములు! ఆ కష్టమును గుర్తించియే ఆ యేడాది నిషేధమును జూన్ 14 వఱకు గాక మే 31తోనే ముగించిరి. రొయ్యల గుంటలవారు ఎగుమతి నిలిచి ధర పడిపోగా, పెరుగని రొయ్యనే పట్టి యమ్ముకొనిరి. మద్రాసునుండి ఉత్తరమునకు పోవు పెద్దబాటవెంట, తడ మొదలుకొని నెల్లూరు మీదుగా, పరదేశపు కూలీలు బిడ్డలను చంకబెట్టుకొని నడచిపోవుట మనము కన్నులార చూచితిమి. కడుపు నిండనివాడు మందుబిళ్ల కొనడు.

నేను బడిపంతులను గావున బడులనుగూర్చి ఒక్కమాట చెప్పక తప్పదు. 2020 మార్చిలో మూసిన బడులు నవంబరు 2న పెద్ద తరగతులకు మాత్రము తెఱచిరి. 2021 వేసవిలో రెండవ విజృంభణము వచ్చి మఱల మూసి, ఆగస్టు 16న తెఱచిరి. అసర్ అను గ్రామీణ విద్యాపరీక్షనుబట్టి మన రాష్ట్రమున మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠము చదువగలవారు 2018లో నూటికి 22.6 మంది. 2022లో 10.3 మంది. పూర్వమే తక్కువగా నున్నది సగమునకు దిగినది. పాఠము రానిబిడ్డ మాటాడక వెనుకవరుసలో కూర్చుండును. వాని రోగము నాడిచూచిన తెలియదు.

తలుపు మూసినప్పుడు జనులు ఊరకుండరు, మఱియొక తలుపు వెదకుదురు. 2020 జూలై చివర ప్రకాశము జిల్లా కురిచేడులో, రోగభయముచే సారాయి దుకాణములు మూయగా, చేతులు కడుగుకొను శానిటైజరు త్రాగి పదిమందికిపైగా ప్రాణములు విడిచిరి. 2021 మే 5నుండి రాష్ట్రమున మధ్యాహ్నము పండ్రెండు గంటలకు కర్ఫ్యూ పెట్టిరి. ఆ నెల 21న మన కృష్ణపట్టణమున ఆనందయ్యగారి మందుకొఱకు వేలకొలది జనులు గుమికూడగా పంపిణీ నిలుపవలసివచ్చినది. పిమ్మట పరీక్షించి, కంటిచుక్కలకు గాక తక్కినవానిలో కొన్నింటికి మే 31న ప్రభుత్వము అనుమతి నిచ్చినది. ఆ మందు గుణాగుణములు నేడు నా ప్రసంగవిషయము కావు. గుమికూడరాదని శాసించిన దినములలోనే అంతజనము గుమికూడినదన్న, వైద్యశాలలో చోటు దొరకునను నమ్మకము వారికి సన్నగిల్లిన దన్నమాట.

ప్రభుత్వము ఈ కీడును ఎఱుగకపోలేదు. కాన్పులు, టీకాలు, క్షయ, డయాలిసిస్ మొదలగు సేవలు నిలుపరాదని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 ఏప్రిల్ 14న నియమములు పంపినది. టెలిఫోనుద్వారా వైద్యుని సలహా పొందు పద్ధతికి మార్చి 25ననే నిబంధనలు వెలువడినవి. జూలై 1న మన రాష్ట్రమున 108, 104 బండ్లు వేయికిపైగా క్రొత్తవి బయలుదేఱినవి. ఇవన్నియు మంచిపనులే. కాని బండి నెల్లూరిలో బయలుదేఱి మన పొలిమేరదగ్గఱ తుమ్మకంపయెదుట నిలిచినచో, ఆ దోషము మనదే.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్యసంస్థ కోవిడ్ అత్యవసరస్థితి ముగిసినదని ప్రకటించినది. అయినను ఇట్టి రోగము మఱల రాదని యెవరును పూచీపడజాలరు. వచ్చినచో పెద్దలైనవారు ఏమి చేయవలెను? నాకు తోచినది విన్నవింతును.

ఊరి కట్టుకు ముందు ఒక నోటుపుస్తకము తెఱువవలెను. గర్భిణు లెవరు, వారి నెల లెన్ని, క్షయకును మధుమేహమునకును రక్తపుపోటునకును మందు తినువా రెవరు, డయాలిసిస్‌కు పోవువా రెవరు, టీకా తప్పరాని పసిబిడ్డ లెవరు అని వ్రాసికొనవలెను. ఊరికి దూరముగా నుండు యానాదుల గుడిసెలు ఆ పుస్తకమున మొదటిపుటలోనే యుండవలెను, ఏలయన వారు వచ్చి యడుగరు. ఆ పట్టిక ప్రకారము నెలకు సరిపడు మందులు ఒక్కడు పోయి అందఱకును తేవచ్చును. బండి యొకటి, దానికి రాత్రింబవళ్లు సిద్ధముగా నుండు మనిషి యొకడు ఏర్పడవలెను. టీకాల దినమును మానరాదు. గదిలో ఇఱుకైనచో వేపచెట్టుక్రింద ఎడముగా కూర్చుండబెట్టి వేయింపవచ్చును. కంప వేయవలసివచ్చినను అంబులెన్సు పట్టునంత త్రోవ విడిచి, కాపలాయుంచవలెను. రోగి దారి అడిగినచో దురాయి వర్తింపదని డప్పువేయించి చాటవలెను. నోటిమాటగా చెప్పిన చాలదు. మావంటివారి మాటను అక్షరాల పాటించు అమాయకులు ప్రతియూరను ఉందురు.

నా స్నేహితుడు ఇప్పుడు కఱ్ఱకాలితో వాకిట కూర్చుండి వలలు బాగుచేయుచున్నాడు. నన్నొక్కనాడును నిందింపలేదు. ఈ ప్రసంగమున తన సంగతి చెప్పెదనన్నప్పుడు, "చెప్పండి అయ్యవారూ, ఇంకొకరి కాలన్నా నిలబడుద్ది" అనెను. అతని యనుమతితోనే చెప్పితిని. మీరు మీ యూరి రచ్చబండకడ ఈ మాట నొకమాఱు చర్చింతురుగాక.