మిలాన్‌లో మా మామయ్యగారి చెప్పులు

2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్‌లో ప్రాడా కంపెనీవారు మగవాళ్ల ఫ్యాషన్ షో పెట్టారు. మా అబ్బాయి ఫోన్‌లో చూపించాడు. కుర్రాళ్లు చిన్నపిల్లల లాగుల్లాంటి పొట్టి నిక్కర్లు వేసుకుని నడుస్తుంటే నవ్వాగలేదు. మా కందకుర్తిలో అలా తిరిగితే త్రివేణి సంగమంలో స్నానానికొచ్చాడనుకుంటారు!

కాళ్లవంక చూసేసరికి నవ్వు ఆగింది. అచ్చం మా మామయ్యగారి కొల్హాపురి చెప్పులే! మాకు నది దాటితే మహారాష్ట్రే కదా. ఆయన ధోవతి కట్టి, ఆ చెప్పులతోనే చెరుకుతోటకు వెళ్లొచ్చేవారు. వాకిట్లో కిర్రుమంటే చాలు, నేను చాయ్ పెట్టేదాన్ని. "మోటు చెప్పులు" అని ఏనాడూ తొడగని మావాడు, ఇప్పుడు వాటికోసం అటక వెతుకుతున్నాడు!

షోలో నాకు నచ్చినవి ఆ చెప్పులే. నచ్చనిదల్లా, మొదట వాటిని ఉత్త తోలు చెప్పులనడం. మహారాష్ట్ర, కర్ణాటక పనివాళ్లు చేత్తో కుట్టే ఈ చెప్పులకు 2019లోనే జి.ఐ. గుర్తింపు వచ్చింది. జనం గొడవచేశాకే, ఇవి భారతీయుల చేతిపని చెప్పుల స్ఫూర్తితో వచ్చినవేనని కంపెనీవారు ఒప్పుకున్నారు.

మనం పెట్టిన ఆవకాయను పొరుగింటావిడ తనదని వడ్డిస్తే ఊరుకుంటామా? కుట్టినవాళ్లకూ అంతే కదమ్మా! ఈసారి మీవారికి చెప్పులు కొనేటప్పుడు, ఏ కంపెనీవని కాదు, ఎవరు కుట్టారని అడగండి.