పలుకు మీద వార్చాలి

ఉల్లిపాయలు ఇంకా లేత గోధుమ రంగులో ఉండగానే చిల్లుల గరిటెతో తీసేయమన్నారు ఉస్తాద్. "ఇంకా వేగలేదండీ" అన్నాను. "తీసి కాగితం మీద పరవండమ్మా, చూస్తుండండి." రెండు నిమిషాల్లో, పొయ్యి మీద లేకుండానే, అవి ఎర్రబడి కరకరలాడాయి. పక్క బల్లవాళ్లు రంగు వచ్చేదాకా మూకుడులోనే ఉంచి చేదు చేసుకున్నారు. ఇరవై ఏళ్లుగా వండుతున్నాను. దించాక కూడా ఉల్లిపాయ తన వేడికి తానే వేగుతుందని ఆ ఆదివారం దాకా నాకు తట్టలేదు.

హైదరాబాద్‌లో వారాంతపు వంట క్లాసు అది. కచ్చి బిర్యానీ ఒక్కటే పాఠం. మూడున్నర గంటలు, పన్నెండు మంది, నలుగురికో పొయ్యి. డబ్బు కట్టేముందు అడగాల్సిందీ ఇదే: పొయ్యికి ఎంతమంది? కొన్నిచోట్ల మాస్టరొక్కరే వండుతారు, మిగతావాళ్లు ఫోన్లెత్తి వీడియో తీసుకుంటారు. ఆ మాత్రానికి ఇంట్లో యూట్యూబ్ చాలు.

మన చేత వండించే చోటైనా సగం పని ముందే అయిపోయి ఉంటుంది. మాంసం కడిగి, అల్లం వెల్లుల్లి నూరి, పుదీనా వలిచి గిన్నెల్లో సర్ది ఉంచారు. అంట్లూ మనవి కావు. చాకిరీ తీసేసి సరదా మిగిల్చారన్నమాట. మా అమ్మ వింటే "దాన్ని వంటంటారుటే?" అనేది. అననీండి.

మా పొయ్యి దగ్గర కొత్తగా పెళ్లయిన జంట, ఒక రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు, నేను. ఆయన భార్య కూతురి పురిటికి అమెరికా వెళ్లి ఆరు నెలలుంటారట. "కర్రీ పాయింట్ కూరలతో నాలుక మొద్దుబారిపోయిందమ్మా" అన్నారు, పెరుగు గిలక్కొడుతూ.

కచ్చి అంటే పచ్చి మాంసమే అడుగున పరిచి, పైన సగం ఉడికిన అన్నం వేసి దమ్ చేయడం. రెండూ ఒకేసారి ఉడికి తీరాలి, తంటా అంతా అక్కడే. పచ్చి బొప్పాయి ముద్ద మాంసాన్ని మెత్తబరుస్తుంది, ఎక్కువైతే పిండిలా నలిగిపోతుంది. నానిన బాస్మతిని మరిగే ఎసట్లో వేసి, పలుకు మీద ఉండగానే వార్చేయాలి. ఏ పలుకు? మా పన్నెండు మందికీ పన్నెండు అభిప్రాయాలు. ఉస్తాద్ ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపి, నడిమి తెల్లటి పలుకు చూపించి, అందరి అరచేతుల్లోనూ ఒక్కో మెతుకు పెట్టారు. "ఇదీ. దీనికి టైము చెప్పలేను."

మాలతీ చందూర్ 'వంటలు – పిండివంటలు' దగ్గర పెట్టుకుని వంట నేర్చుకున్న ఇళ్లు ఎన్నో. ఎంత మంచి పుస్తకమైనా అరచేతిలో మెతుకు పెట్టలేదు కదా! పారిస్‌లో 1895లో మార్త్ దిస్తెల్ అనే పాత్రికేయురాలు తన వంటల పత్రిక చందాదారులకు క్లాసులు పెట్టించింది, అదే లె కోర్దాన్ బ్లూ పాఠశాలయింది. ఆమెకూ ఇలాంటి మెతుకేదో అడ్డొచ్చి ఉంటుందని నా అనుమానం.

మూత చుట్టూ గోధుమపిండి మెత్తి, మొదట పెద్ద మంట, ఆవిరి తన్నుకురాగానే డేగిసా కింద పెనం పెట్టి సన్న సెగ. ఇక నలభై నిమిషాలు ఊరకే కూర్చోవాలి. క్లాసులో నిజమైన పరిచయాలు అప్పుడే. కొత్త పెళ్లికూతురిది గుంటూరు, పెళ్లికొడుకుది కరీంనగర్. పప్పుచారు, పచ్చిపులుసు వాదన అక్కడ మొదలై డేగిసా తెరిచేదాకా సాగింది.

మూత లేపగానే వాసన గుప్పుమంది. మాది కాస్త అడుగంటింది. ఆ మాడు ముక్కల కోసమే పక్క బల్లవాళ్లు ప్లేట్లతో వచ్చారు. బ్యాంకు ఆఫీసరు గారు భార్యకు వీడియో కాల్ చేసి డేగిసా చూపించారు. అటునుంచి మొదటి మాట: "ఏమండీ, ఆ ఉల్లిపాయలు మీరే తరిగారా?"

ఆయన మావైపు చూశారు. మేమందరం తలలూపాం.