చమురు పోయింది, జాడ మిగిలింది

1979 ఆగస్టు 20. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, బెమిడ్జి పట్టణం దగ్గర పైపులైను పగిలి దాదాపు 17 లక్షల లీటర్ల ముడి చమురు చిమ్మింది. తోడి, తగలబెట్టి, తడిసిన మన్ను తవ్వి ముప్పాతిక వంతు వదిలించుకున్నారు. మిగిలిన సుమారు 4 లక్షల లీటర్లు ఇసుక నేలలోనే ఉండిపోయాయి. అమెరికా భూవిజ్ఞాన సర్వే 1983 నుంచి ఆ చోటును పరిశోధనశాలగా వాడుకుంటోంది.

నేలలో దిగిన చమురు ఒకచోట ఉండదు. కొంత మట్టి రేణువులకు అంటుకుంటుంది. కొంత కిందికి జారి, నీటికంటే తేలిక గనుక భూగర్భజలం మీద తెట్టులా నిలుస్తుంది. బెంజీన్ లాంటి హైడ్రోకార్బన్లు కొంత ఆవిరై మట్టి సందుల్లోని గాలిలో కలుస్తాయి, కొంత నీటిలో కరిగి దాని వాలునే సాగిపోతాయి. కాబట్టి మట్టినీ, నీటినీ, గాలినీ విడివిడిగా పరీక్షించి, ఫలితాలను పక్కపక్కన పెట్టి చదవాలి.

మట్టి కోసం బోరు వేసి రకరకాల లోతుల్లో నమూనాలు తీస్తారు. కొంత మట్టిని ప్లాస్టిక్ సంచిలో బిగించి, కాసేపు వెచ్చగా ఉంచి, లోపల చేరిన ఆవిరిని చేతిమీటరుతో కొలుస్తారు. కాలుష్యం ఏ లోతున దట్టంగా ఉందో అక్కడికక్కడే తెలుస్తుంది. అది ఏ పదార్థమో మాత్రం ప్రయోగశాలలో గ్యాస్ క్రోమటోగ్రాఫ్ చెప్పాలి.

నీటికి వాలులో దిగువన వరసగా బావులు కావాలి, పోల్చి చూడటానికి ఎగువన ఒకటైనా ఉండాలి. నమూనా సీసాను అంచుదాకా నింపి మూత పెడతారు. గాలి బుడగ మిగిలితే బెంజీన్ అందులోకి జారుకుంటుంది, లెక్క తప్పుతుంది.

మట్టిలోని గాలి మరో కబురు చెబుతుంది. అందులో ఆక్సిజన్ పడిపోయి కార్బన్ డయాక్సైడ్, మీథేన్ పెరిగాయంటే కింద సూక్ష్మజీవులు చమురును తింటున్నాయన్నమాట. ఆక్సిజన్ నిండుకున్నాక కొన్ని సూక్ష్మజీవులు మట్టిలోని ఇనుప ఆక్సైడుతో ఊపిరి నెట్టుకొస్తాయి. వీటి పుణ్యమా అని బెమిడ్జిలో బెంజీన్ నీటి వెంట మరీ దూరం పోలేదు.

కథ అక్కడితో ముగియలేదు. సగం అరిగిన చమురు ముక్కలు బెంజీన్‌ను దాటి దిగువకు సాగాయి. మామూలు హైడ్రోకార్బన్ పరీక్షలకు వాటిలో చాలా భాగం చిక్కదు. ఇనుప ఆక్సైడు కరగడంతో, దాన్ని అంటిపెట్టుకుని ఉన్న సహజమైన ఆర్సెనిక్ కూడా నీటిలోకి వచ్చేసింది. అది చమురుతో వచ్చింది కాదు. నేలలో ఎప్పటినుంచో కదలకుండా ఉన్నదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటి మార్గదర్శకాల్లో బెంజీన్‌కూ ఆర్సెనిక్‌కూ హద్దు ఒక్కటే: లీటరుకు 0.01 మిల్లీగ్రాము. పైపులైను పక్క బావిలో మొదటిది లేదని రాసిచ్చిన నివేదిక రెండోదాన్ని అసలు వెతికిందా? చమురు ఎక్కడుందన్నది సగం ప్రశ్నే. అది నేలలో దేన్ని కదిలించిందన్నది మిగతా సగం.