నొప్పి మాత్రల చాటున రక్తానికి చేటు

అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో 13 శాతానికి పైగా ప్రజల మాతృభాష తెలుగేనని 2011 జనాభా లెక్కలు చెబుతున్నాయి. వీరిలో ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వెళ్లి చేపల వేట, కూలి పనులతో స్థిరపడిన కుటుంబాలు అనేకం. వలలు లాగి, బరువులు మోసి అలసిన మనిషి వైద్యుని కన్నా ముందు మందుల దుకాణాన్ని ఆశ్రయించడం ఇక్కడైనా అక్కడైనా ఒకటే. ఈ అలవాటు నెలల తరబడి సాగితే దాని ప్రభావం రక్తంపై పడుతుంది.

రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల పనిని యాస్పిరిన్ స్తంభింపజేస్తుంది. ఒకసారి దెబ్బతిన్న ప్లేట్‌లెట్ తిరిగి కోలుకోదు. దాని ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. కొత్తవి పుట్టే వరకు ఆ లోటు తీరదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ప్రభావం తాత్కాలికమే అయినా, ఇవి జీర్ణాశయంలో పుండ్లకు కారణమవుతాయి. అక్కడ బొట్టుబొట్టుగా కారే రక్తం కంటికి కనిపించదు. మలం నల్లబడడం, ఆయాసం, పాలిపోవడం ద్వారానే రక్తహీనత బయటపడుతుంది. ఆ నీరసాన్ని పని భారంగా భావించి మరో మాత్ర మింగేవారే ఎక్కువ.

అనాల్జిన్‌ది మరో రకమైన ప్రమాదం. అరుదుగానే అయినా, ఇది రోగక్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలను హఠాత్తుగా క్షీణింపజేస్తుంది. స్వీడన్ 1974లో, అమెరికా 1977లో దీనిని మార్కెట్ నుంచి తొలగించాయి. భారత ప్రభుత్వం 2013 జూన్‌లో నిషేధించి, 2014 ఫిబ్రవరిలో షరతులతో ఎత్తివేసింది. తీవ్రమైన నొప్పికి, ఇతర మందులకు లొంగని జ్వరానికి మాత్రమే వాడాలన్నది ఆ షరతుల సారాంశం. జ్వరం, గొంతునొప్పి, నోటిపూత కనిపించిన వెంటనే మందు ఆపాలని యూరోపియన్ ఔషధ సంస్థ 2024లో మళ్లీ హెచ్చరించింది. విచిత్రమేమంటే, ఆ జ్వరాన్ని తగ్గించుకోవడానికి రోగి వేసుకునేది తరచూ అదే మాత్ర!

దీవులలో ఈ ముప్పు రెట్టింపు. 1980 దశకం చివరి నుంచి జ్వరం, ఒళ్లునొప్పులు, ఊపిరితిత్తులలో రక్తస్రావంతో కూడిన వ్యాధి అక్కడ కలవరం రేపింది. దానిని అండమాన్ రక్తస్రావ జ్వరమన్నారు. పోర్టుబ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం)లోని భారత వైద్య పరిశోధన మండలి కేంద్రం శాస్త్రజ్ఞుల పరిశోధనలలో అది ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ అని 1990 దశకంలో తేలింది. పిక్కల నొప్పి దీని ముఖ్య లక్షణం. రోజంతా నీటిలో నిలబడి పనిచేసే వ్యక్తికి అది మామూలు నొప్పిగానే తోచడం సహజం. అనంతరం డెంగీ కూడా దీవులకు చేరింది. ఈ రెండు వ్యాధులలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అందువల్ల డెంగీ అనుమానం ఉన్నప్పుడు యాస్పిరిన్, ఐబుప్రోఫెన్ జోలికి పోరాదని, జ్వరానికి మితంగా పారాసిటమాల్ చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది.

కీళ్లనొప్పులకు దీర్ఘకాలం మందు వాడక తప్పనివారు అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించుకోవడం అవసరం. కాగా, గుండెజబ్బుకు వైద్యుడు రాసిన యాస్పిరిన్‌ను మాత్రం ఈ భయంతో సొంతంగా మానడం అంతకంటే ప్రమాదకరం.