పెళ్ళి పత్రిక మీద తెలుగు అక్షరం ఎక్కడ చెడుతుంది?

వేలూరు, గుడియాత్తం వైపు మన ఇళ్లలో పెళ్ళి కుదిరిందంటే పత్రిక దగ్గర ఒక మాట తప్పక వస్తుంది: తెలుగు కూడా వేయిద్దామా, తమిళం, ఇంగ్లీషు చాలా? పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. 2006లో తమిళనాట నిర్బంధ తమిళ చట్టం వచ్చాక బళ్లలో తెలుగు చదువు ఇంకా సన్నగిల్లింది. చదివేవాళ్లే లేనప్పుడు దండగ కదా అని కొందరంటారు. చదవకపోయినా మన అక్షరం కనబడాలి అని కొందరంటారు. మేము రెండోవాళ్ల వైపు. అయితే వేయించిన అక్షరం తప్పుగా పడితే మొదటివాళ్ల వాదమే గెలుస్తుంది. 'వధువు' కాస్తా 'వదువు' అయి, లక్ష్మి పేరు మూడు ముక్కలై వచ్చిన పత్రికలు మేము చూస్తూనే ఉన్నాం. ఆ ఇంట్లో తరువాతి పెళ్ళికి ఇక తెలుగు ఊసెత్తరు.

పెళ్ళి మాటలు రాసి పెట్టుకోవడం మన ఊళ్లకు కొత్త కాదు. విరించిపురం మార్గబంధీశ్వరాలయంలో శకం 1347 నాటి, అంటే సుమారు క్రీ.శ. 1425 నాటి శాసనం ఉంది. పడైవీడు రాజ్యంలోని కన్నడ, తమిళ, తెలుగు, లాట బ్రాహ్మణులంతా కూడి, పిల్లకు బంగారం పుచ్చుకుని పెళ్ళి చేయకూడదు, కన్యాదానంగానే చేయాలి అని కట్టుబాటు రాయించుకున్నారు. భాష తమిళమే. కాని ఆరు వందల ఏళ్ల నాడే ఇక్కడ తెలుగువాళ్లున్నారని ఆ రాయి చెబుతోంది. రాతి మీద చెక్కిన అక్షరానికి అంత ఆయుష్షు. మన పత్రిక మీద అక్షరం ప్రెస్సు గడప దాటేలోపే ఎందుకు చెడుతోందో చూద్దాం.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. అచ్చు వేరు, అచ్చయ్యాక పైన చేసే పని వేరు. గుడియాత్తం అగ్గిపెట్టె చేతిలోకి తీసుకోండి. పైనున్న బొమ్మ, పేరు అచ్చు. పక్కన గీసే గోధుమరంగు పట్టీ అచ్చు కాదు, పూత: ఎర్ర భాస్వరం, గాజు పొడి, జిగురు కలిపి పూసింది. పుల్లకు పట్టించే మైనం కూడా అలాంటిదే. పత్రికలోనూ అంతే. అక్షరాలు పడేది ఆఫ్‌సెట్ మిషను మీద. తరువాత ఫాయిల్, ఎంబాసింగ్, లామినేషన్, యూవీ లాంటి పనులు జరుగుతాయి. ఈ పై పనులనే ప్రెస్సువాళ్లు ఫినిషింగ్ అంటారు. మా అనుభవంలో తెలుగు అక్షరం అచ్చులో చెడేది తక్కువ. అచ్చుకు ముందు కంప్యూటర్లోనో, అచ్చు తరువాత ఫినిషింగ్‌లోనో చెడుతుంది.

కంప్యూటర్ సంగతి. మన ఫోన్లో టైపు చేసే తెలుగు యూనికోడ్. అందులో అక్షరాలు, పొల్లు, గుణింతం గుర్తులు ఒక వరుసలో నిలవుంటాయి, అంతే. ఒత్తును తెచ్చి అక్షరం కింద చేర్చే పని సాఫ్ట్‌వేర్ చేయాలి. పాత పేజ్‌మేకర్‌కు, పాత కోరల్‌డ్రా వెర్షన్లకు ఆ పని రాదు. మీరు వాట్సాప్‌లో పంపిన 'లక్ష్మి' అక్కడ అతికించగానే 'లక్‌ష్‌మి' అవుతుంది. డిజైనరుకు తెలుగు రాదు గనుక అది తప్పని అతనికి తట్టదు. అతని తప్పు అని కూడా అనలేం, తమిళంలో ఇలా కింద వేలాడే ఒత్తులే లేవు. ఆంధ్ర ప్రెస్సుల్లో వాడే అనూ ఫాంట్లది ఇంకో దారి: ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టినవి. చిత్తూరులో కంపోజు చేయించి ఫైలు తెచ్చి, ఇక్కడి మిషన్లో ఆ ఫాంటు లేకపోతే తెరమీద ఏబీసీడీల గందరగోళం కనిపిస్తుంది.

రెంటికీ మందు ఒకటే. తెలుగు భాగాన్ని తెలుగు వచ్చిన మనిషి చేత కొత్త సాఫ్ట్‌వేర్‌లో కంపోజు చేయించి, అక్షరాలన్నిటినీ 'కర్వ్స్'గా మార్చి ఇవ్వాలి. అప్పుడవి అక్షరాలు కావు, గీతల బొమ్మలు. ఏ మిషన్లో తెరిచినా చెదరవు. కాని తరువాత దిద్దడానికీ కుదరదు, కాబట్టి మార్చక ముందే రెండుసార్లు చదవాలి. ఫాంటుకు డబ్బు ఖర్చు లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వివరాలకు మండలి నప్పుతుంది. రామభద్ర లావుగా ఉంటుంది, పేర్లకు పెద్ద సైజులో బాగుంటుంది, చిన్న సైజుకు దింపితే ముద్దకడుతుంది.

ఇంకొక చిన్న విషయం. తమిళ పేజీకి పెట్టిన వరుసల ఎడం తెలుగుకు చాలదు. పై వరుసలోని ఒత్తులు కింది వరుసలోని గుడులకు తగులుతాయి. వరుసకూ వరుసకూ మధ్య ఇంకాస్త చోటు వదలమని అడగండి. పేజీ నిండిపోతుందంటే సైజు తగ్గించనివ్వకండి, మాటలు తగ్గించండి. దూరపు బంధువుల బిరుదులన్నీ తెలుగులో మళ్ళీ అక్కర్లేదు.

ఆఫ్‌సెట్ అచ్చు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ప్లేటు మీద ఇంకు, నీరు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ఇంకు రబ్బరు గుడ్డ మీదికెక్కి అక్కణ్ణించి కాగితం మీదికి దిగుతుంది. చాలా సన్నని గీత కూడా నిలుస్తుంది. ఒక్కటే జాగ్రత్త: చిన్న అక్షరాలు ఒకే ఇంకుతో పడాలి, నలుపు అయితే వట్టి నలుపు. మెరూన్ లాంటి రంగు అడిగితే రెండు మూడు ఇంకులు ఒకదాని మీద ఒకటి పడాలి. వెంట్రుకవాసి జరిగినా ఒత్తులన్నీ మసకబారతాయి.

అసలు చిక్కు ఫాయిల్ దగ్గర. బంగారు రంగు లేకపోతే పెళ్ళి పత్రికే కాదన్నట్టుంది ఇప్పుడు. ఫాయిల్ అంటే బంగారు రేకు కాదు. సన్నని పాలిస్టర్ ఫిల్మ్ మీద విడివడే పొర, రంగు పూత, అల్యూమినియం ఆవిరి పూత, చివర జిగురు ఉంటాయి. మెగ్నీషియం లేదా రాగి పలక మీద అక్షరాలు ఉబ్బెత్తుగా నిలిచేలా దిమ్మ చేస్తారు. దిమ్మను వంద డిగ్రీలు దాటేదాకా కాచి, ఫాయిల్‌ను కాగితం మీద పెట్టి అదుముతారు. వేడి తగిలినంత మేర జిగురు కరిగి కాగితాన్ని పట్టుకుంటుంది, పాలిస్టర్ లేచి వచ్చేస్తుంది. వేడి తక్కువైతే గీత తెగుతుంది. ఎక్కువైతే గీతల మధ్య సందుల్లోకి కూడా బంగారం పాకుతుంది.

ఇంగ్లీషులో ఒక సందు పూడినా మాట తెలుస్తుంది. తెలుగులో ఆ సందే అక్షరం. ద, ధ మధ్య తేడా కింద ఒక చిన్న గీత. ధ, థ మధ్య తేడా కడుపులో ఒక చుక్క. 'ప్రథమ పుత్రిక'లో ఆ చుక్క పూడితే 'ప్రధమ' అవుతుంది. సున్న పూడి పెద్ద చుక్క అవుతుంది. అన్నిటికన్నా కష్టమైన మాట 'జ్యేష్ఠ'. పైన ఏత్వం, కింద యవత్తు, పక్కనే ష కింద చుక్క ఉన్న ఠవత్తు. ఈ ఒక్క మాట ఫాయిల్లో శుభ్రంగా పడిందంటే మిగతా పత్రికంతా పడ్డట్టే. ప్రూఫులో ముందు దాన్నే చూడండి. సందు అర మిల్లీమీటరైనా ఉండాలి, అక్షరం పద్నాలుగు పాయింట్లకు తగ్గకూడదు అన్నది మా లెక్క. వధూవరుల పేర్లు, వినాయకుడి బొమ్మ, శ్రీకారం ఫాయిల్లో వేయించండి. ముహూర్తం, మండపం, వంశావళి మామూలు ఇంకుతోనే ఉండనివ్వండి.

ఎంబాసింగ్ అంటే పైనొకటి, కిందొకటి దిమ్మలు పెట్టి మధ్య అట్టను నొక్కి ఉబ్బించడం. మందపాటి అట్టకే నప్పుతుంది. రంగు లేకుండా ఉబ్బించిన చిన్న తెలుగు అక్షరాలు ఎవరూ చదవలేరు. దాన్ని బొమ్మలకు వదిలేయండి. లేజర్‌తో కోసే జాలీ పత్రికల్లో ఇంకో సమస్య: సున్న గీశాక లోపలి బిళ్ల ఊడి కింద పడుతుంది. లోపలి ముక్కను బయటి అట్టతో కలిపే సన్నని వంతెన వదలాలి. తెలుగు అక్షరానికి ఆ వంతెన ఎక్కడ పెట్టాలో తెలుగు తెలిసినవాడే చెప్పగలడు.

లామినేషన్ అనేది అట్ట మీద అతికించే పలుచటి ప్లాస్టిక్ పొర. తడి తగలనివ్వదు, మడతలో రంగు రాలనివ్వదు. కాని మనం పత్రిక మూలలకు పసుపు పెడతాం. నున్నటి లామినేషన్ మీద పసుపు నీళ్లు ముత్యాల్లా నిలిచి, ఆరాక పొడిగా రాలిపోతాయి. పేరు రాద్దామంటే బాల్‌పెన్ను జారుతుంది. అందుకని కవరునీ, లోపలి కాగితాన్నీ లామినేషన్ లేకుండా వదలమనండి. మెరుపు కావాలంటే బొమ్మ మీద మాత్రం స్పాట్ యూవీ చేయించుకోవచ్చు. అది ద్రవంగా పూసి అతినీలలోహిత కాంతితో గట్టిపరిచే వార్నిష్. మడత మీదికి రానివ్వకూడదు, పగుళ్లిస్తుంది.

పత్రికతో పాటు ఇప్పుడు తాంబూలం సంచి, పేర్లు వేసిన ప్లాస్టిక్ డబ్బా కూడా ఉంటున్నాయి. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ప్లాస్టిక్ సంచులకు నిషేధం ఉంది. 2021 డిసెంబరులో ప్రభుత్వమే 'మీండుం మంజప్పై' అని పసుపు గుడ్డ సంచిని మళ్ళీ తెచ్చింది. గుడ్డ మీద వేసేది స్క్రీన్ ప్రింటింగ్: చట్రానికి బిగించిన సన్నని పాలిస్టర్ జల్లెడలో అక్షరాల మేర మాత్రం తెరిచి, మిగతాది మూసి, రబ్బరు పట్టీతో ఇంకును లాగుతారు. గుడ్డకు వాడే జల్లెడ ముతక. ఒత్తుల కొసలు దానిలో దిగవు. సంచి మీద పేర్లు, తేదీ చాలు, అవి కూడా లావుగా.

డబ్బాల సంగతి వేరు. పాలీప్రొపిలీన్, పాలిథిన్ మీద ఇంకు అరటాకు మీద నీళ్లలా నిలవదు. ముందు మంట చూపించో, విద్యుత్తు ప్రసరింపజేసే కరోనా పద్ధతిలోనో పై పొరను మార్చితే గాని పట్టదు. ఆ పని చేయకుండా వేసినవి మొదటి తోమకానికే పోతాయి. పరీక్ష సులువు: ఒక నమూనా డబ్బా అడిగి, అక్షరాల మీద సెలోటేపు గట్టిగా అతికించి ఒక్కసారి లాగండి. టేపుతో పాటు అక్షరం వచ్చిందంటే ఆర్డరు ఇవ్వకండి.

చెక్క గురించి అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు, గుమ్మం దగ్గర తెలుగులో పేరు పలక కావాలని. ఇది మాకు ఇష్టమైన విషయం. బడి రికార్డుల్లో, ఆధార్‌లో మన ఇంటి పేరు ఒక్క ఇనిషియల్‌కు కుదించుకుపోయింది. పిల్లలకు ఇంటి పేరు పూర్తిగా కనబడే చోటు ఆ పలక ఒక్కటే. ప్లాస్టిక్ స్టిక్కరుతో అతికించినవి వద్దు, వేలూరు ఎండకు ఒత్తుల కొసలు ముందు లేస్తాయి. యూవీ ప్రింటరుతో నేరుగా చెక్క మీద అచ్చు వేస్తారు గాని, కింద తెల్ల పూత లేకపోతే చెక్క రంగు అక్షరంలోకి వస్తుంది. ఎండ పడే గుమ్మానికి ఎరుపు, పసుపు త్వరగా వెలుస్తాయి, నలుపు నిలుస్తుంది. లేజర్‌తో కాల్చి చెక్కేటప్పుడు గింజ మెత్తగా ఉన్న చోట లోతుగా, గట్టిగా ఉన్న చోట పైపైన కాలుతుంది. అక్షరం పెద్దదైతే అదీ అందమే. పీవీసీ పలక మీద లేజర్ వాడమని మాత్రం అడగకండి, విషవాయువు వస్తుంది.

మా ఓటు రౌటర్ మిషనుతో చెక్కించడానికి. మిషను ముక్కు గుండ్రంగా తిరుగుతుంది, తెలుగు అక్షరమూ గుండ్రనిదే, బాగా కలుస్తాయి. ముక్కు మందం కన్నా ఒత్తులోని సందు పెద్దదిగా ఉండేలా అక్షరం సైజు పెంచాలి, అంతే. చెక్కడానికి ముందు పలకను గింజ వెంట సాండ్‌పేపరు పట్టించి, చెక్కాక రంగు నింపే ముందు సీలర్ ఒక పూత వేయించండి. అలా వేస్తే అక్షరంలో నింపిన రంగు గింజ వెంట పక్కకు పాకదు. రంగు ఆరాక పైన మిగిలింది మళ్ళీ సాండ్‌పేపరుతో తీసి, బయట వాడే పాలీయురిథేన్ రెండు పూతలు వేస్తారు. వెనక వైపు, అంచులు కూడా పూయమనండి, చాలామంది ముందు వైపు పూసి వదిలేస్తారు, పలక వంగిపోతుంది. ఆ తరువాత రెండు మూడేళ్లకొకసారి ఐప్పసి వానలు పట్టకముందు ఒక పూత వేస్తే సరిపోతుంది.