పైరు ఫొటోలకు వెలుతురు కొలత

కోహీరు జామతోటలలో ఆకు రంగును బట్టి చెట్టు ఆకలిని గుర్తించుట రైతులకు వాడుక. నేడు ఆకును కోసి తెచ్చుటకు బదులు పలువురు దాని ఫొటోను పంపుచున్నారు. ఇది మంచిదే. కాని ఫొటో తప్పు చెప్పినచో సలహాయు తప్పిపోవును. ఒకసారి నాకు వచ్చిన ఫొటోలో ఆకులన్నియు పాలిపోయి కనిపించినవి. నత్రజని లోపమని చెప్పబోయి, తోటకు పోయి చూడగా ఆకులు ముదురాకుపచ్చగానే యున్నవి. కెమెరా వెలుతురును ఎక్కువగా తీసుకొనుటయే కారణము. చూడక చెప్పియుండినచో యూరియా ఖర్చు వృథా అయ్యెడిది.

కెమెరా ఏల పొరబడును? ఆటోమేటిక్ పద్ధతిలో అది తన ముందున్నదంతయు నలుపు తెలుపులకు నడిమి బూడిదరంగని తలచి కొలత వేయును. అందుచే విచ్చిన పత్తి మురికిగాను, నల్లరేగడి వెలిసినట్లుగాను వచ్చును. చుట్టును చీకటి నీడ యున్నచో నడుమనున్న ఆకు తెల్లబోవును.

మడికి నీరు పెట్టుట మీకు తెలిసినదే. తూము ఎంత తెరచితిరి, ఎంతసేపు తెరచితిరి అనువానిని బట్టి నీరు పారును. కెమెరాలో తూము వెడల్పు అపర్చరు. తెరచియుంచిన కాలము షట్టరు వేగము. అపర్చరు అంకె పెరిగినకొలది రంధ్రము చిన్నదగును. ఎఫ్ 5.6లో వచ్చు వెలుతురులో సగమే ఎఫ్ 8లో వచ్చును. అట్లే 1/125 సెకనులో వచ్చుదానిలో సగము 1/250లో వచ్చును. మూడవది ఐ.ఎస్.ఓ. ఇది అందిన వెలుతురును హెచ్చించి చూపును. అంకె మితిమీరినచో చిత్రముపై ఇసుక చల్లినట్లుండును.

ఈ క్రింది పద్ధతులు వాడుడు:

1. 'ఎ' లేక 'ఎ.వి.': రంధ్రము మీరు నిర్ణయించిన, కాలము కెమెరా చూచుకొనును. పురుగు, ఆకుమచ్చ, కాయతెగులు దగ్గరగా తీయుటకు ఎఫ్ 8 నుండి 11 వరకు పెట్టుడు. వేగము 1/125 కన్న తగ్గినచో చేతి వణకు పడును, అప్పుడు ఐ.ఎస్.ఓ. పెంచుడు.

2. 'ఎస్' లేక 'టి.వి.': కాలము మీది, రంధ్రము కెమెరాది. గాలికి ఊగు కందికొమ్మకు 1/500 పెట్టుడు.

ఈ రెండింటిలోను ప్లస్, మైనస్ గుర్తుల దిద్దుబాటు కలదు. తెల్లని వస్తువుకు ప్లస్ 1, నల్లనిదానికి మైనస్ 1 పెట్టి చూడుడు.

3. 'ఎం': రెండును మీవే. జింకు పిచికారి చేసిన చెట్టును, చేయని చెట్టును పోల్చునపుడు ఇదియే తగినది. ఆటోమేటిక్ పద్ధతిలో ఒక్కొక్క చెట్టుకు కొలత మారి, లేని తేడా కనిపించును. ఉన్న తేడా మరుగుపడును. మంచి ఎండలో ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్ 8, 1/500 పెట్టి, చూచి సవరించుకొనుడు. తరువాత రెండు చెట్లను ఒకే వేళ, అంకెలు మార్చక తీయుడు.

ఫోనులలో సామాన్యముగా రంధ్రము మారదు. 'ప్రో' పద్ధతి యున్నచో షట్టరును, ఐ.ఎస్.ఓ.ను మాత్రము దిద్దుకొనవచ్చును.

ఇది చదువుకొన్నవారి విద్య యని వెనుకాడ నక్కరలేదు. జహీరాబాదు వద్ద పస్తాపూరులోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా రైతులు, బడికి పోనివారు సైతము, వీడియో కెమెరాలు పట్టి పంటలపై చిత్రములు తీసిరి.

ఫొటో పంపునపుడు చెట్టంతయు ఒకటి, కొమ్మ ఒకటి, ఆకు అడుగుభాగము ఒకటి తీయుడు. ఆకు ప్రక్కన తెల్లకాగితము ముక్క పెట్టుడు. కాగితము పసుపుగా కనిపించినచో ఆకు పసుపును నమ్మరాదు. అప్పటికిని సందేహమున్నచో, మందు కొనకముందు ఆకునే తీసికొని రండు.